రికార్డులోకి ఎక్కనిది

కుతైసీ జిల్లా కోర్టులో
మాటలు ఎక్కించే పని నాది.
దగ్గుల్నీ తుమ్ముల్నీ వదిలేస్తాను.
ప్రమాణం చేసి చెప్పే ప్రతి అబద్ధాన్నీ
పొల్లు పోకుండా టైపు చేస్తాను.

నుత్సాకి తొమ్మిది వారాలు.
కాంట్రాక్టు కాగితానికి బాలింతలంటే తెలీదు.

ఇవాళ ఇద్దరు అన్నదమ్ములు, మూడు వరసల ద్రాక్షతీగలు.
పెద్దాయన తండ్రి మాట చెబుతున్నాడు,
చిన్నాయన కొలతలు చెబుతున్నాడు,
నా ఎడమ రొమ్ము టైము చెబుతోంది.
పదకొండు దాటింది. రాయి.
పొద్దున చల్లగా పెట్టుకున్న క్యాబేజీ ఆకు
బ్లౌజు లోపల ఉడికిపోయింది.

జడ్జిగారు ముక్కు ఎగబీల్చి
"ఈ అంతస్తులో క్యాబేజీ ఎవరు వండుతున్నారు?" అన్నారు.
అదీ రాయాలా అని
ఒక్క క్షణం ఆగాను.

అప్పుడే వరండాలో ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది.

ఎవరి బిడ్డ అని అడగదు చేపు.
ఏ ఇంటిపేరు, ఆకలా, నిద్రా అని
వాంగ్మూలం తీసుకోదు.
చంక కింద సూదులు సూదులుగా మొదలై
గబగబా మెట్లు దిగినట్టు దిగుతుంది.

ప్రసూతి వార్డులో నిలబడి నిలబడి
కాళ్లు వాచిపోయిన మఖ్వలా చెప్పింది:
"కారేటప్పుడు అరచేత్తో గట్టిగా అదిమిపట్టు.
పది లెక్కపెట్టు. ఆగుతుంది."
నిజమే, ఆగుతుంది.
కానీ చేతులు రెండూ మీటల మీదున్నాయి,
సాక్షి ఇంకా మాట్లాడుతున్నాడు.

ముందు లోపలి గుడ్డ తడిసింది,
తర్వాత బనీను,
తర్వాత బూడిదరంగు బ్లౌజు మీద
నాణెమంత,
సాసరంత.
పిలవని సాక్షిలా కుడివైపు కూడా
లేచి నిలబడింది.

చిన్నాయన చూశాడు.
కొలతల మధ్య మాట మింగాడు.
చూపు కిటికీ వైపు తిప్పేసి
"దాహంగా ఉందండీ, ఓ పది నిమిషాలు ఇప్పించండి" అన్నాడు.
ఆయన ముందు గ్లాసు
నిండుగానే ఉంది.

బాత్రూం తలుపుకి వీపు ఆనించి
సింకులోకి పిండాను.
ముందు నీలంగా, పలచగా,
పోనుపోను చిక్కగా.
నేలపాలైనా బాగుండేది,
గొట్టంపాలైంది.
ఎడమ మొన మీద ఎర్రటి పగులు,
వెంట్రుక మందం.
పళ్లు కూడా రాని నోరు చేసిన గాయమంటే
ఏ కోర్టు నమ్ముతుంది?

అందరూ వెళ్లాక టేపు వేసి
ఖాళీలు పూరిస్తున్నాను.
తండ్రి మాట. కొలతలు.
వాటి వెనక, దూరంగా, ఆ ఏడుపు.
మళ్లీ చేపు!
ఎప్పుడో పొద్దున ఏడ్చి, ఈపాటికి
ఏ పల్లెలోనో నిద్రపోతున్న బిడ్డ కోసం.
ఈసారి చేతులు ఖాళీ.
అదిమిపట్టాను. పది.
తర్వాత ఆ చోట
"వరండాలో శబ్దం" అని టైపు చేశాను.
అంతకు మించి రాయడానికి
నాకు అధికారం లేదు.

ఇంటికొచ్చేసరికి
అత్త భుజం మీద నుత్సా పిడికిలి చీకుతోంది.
దాని ముక్కుని మొనకి తాకించి,
ఆవులింతంత నోరు తెరిచేదాకా ఓపిక పట్టి,
మొన ఒక్కటే కాదు, చుట్టూ నలుపంతా అందేలా
దగ్గరికి లాక్కున్నాను.
మొదటి గుక్క, గాజుపెంకు.
కాలివేళ్లు ముడుచుకున్నాయి.
ఒకటి, రెండు, పళ్లబిగువున మూడు...
మొన్న ముప్ఫై దాకా వెళ్లాను.
నిన్న ఇరవై.
ఇవాళ పదమూడు దగ్గర
దాని చెవి కదలడం చూస్తూ
లెక్క మర్చిపోయాను.

బ్లౌజు బకెట్లో నానుతోంది.
రేపటికి ముదురు పూలది తీసిపెట్టుకోవాలి.
క్యాబేజీ అయిపోయింది.