వెనకాల రాసిన చిల్లర

స్టేజీ అంటే ముప్పై ఒక్కేళ్లు నాకొకటే అర్థం:
టికెట్ ధర మారే చోటు.
మత్తికెరె నుంచి మెజెస్టిక్‌కి ఎన్ని స్టేజీలో
నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

పై పోర్షన్ ఓబులేసు మెట్ల మీద కూలబడి
"హేమావతికి మూడో స్టేజీ అంటాండారు సార్" అన్నప్పుడు
"ఇంకా ఎన్నున్నాయి?" అనేశాను.
"ఒకటే" అన్నాడు.
ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

ఇట్లాంటప్పుడు ఏం మాట్లాడాలో
రిటైరైన కండక్టర్‌కి ఎవరు నేర్పుతారు?
నా నోటికి వచ్చిందల్లా
ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి.
అక్కడ జరగడానికి చోటేదీ?

ఓబులేసు రాత్రంతా ఎయిర్‌పోర్టు ట్యాక్సీ తోలి
ఐదింటికి వస్తాడు.
ఎవరిదో సెంటు వాసన ఇంకా పోని వెనక సీట్లో
భార్యను పడుకోబెట్టుకుని మళ్లీ బయల్దేరతాడు
హోసూరు రోడ్డు ఆసుపత్రికి, టోకెన్ కోసం.
అప్పట్నుంచి వ్యాన్ వచ్చేదాకా
పాప నాది.

లిఖిత. నాలుగో తరగతి.
మొదటి రోజే దువ్వెన, నూనె సీసా, రెండు ఎర్ర రిబ్బన్లు
స్కర్టు ఒడిలో మూటగట్టుకుని దిగింది.
"అమ్మ ముందర దువ్వుకోను తాతా.
రెండు జడలు. పైకి మడిచి కట్టాల.
లేకుంటే పీటీ మిస్ తిడతాది."

నా ఇంట్లో జడ అనేది లేక తొమ్మిదేళ్లు.
సడన్ బ్రేకుకి కూడా చిల్లర జారనియ్యని వేళ్లు
పాప తలకాయ ముందు వణికాయి.
మొదటి జడ
ఫుట్‌బోర్డు నిండిన బస్సులా ఎడమకి ఒరిగింది.
అట్లాగే వెళ్లింది బడికి.
సాయంత్రం "మిస్ ఏమీ అనలేదులే" అంది.
అబద్ధమని చెవి చెప్పింది, ఎర్రగా.

నెలాఖరున ఓబులేసు నోట్‌బుక్కు పట్టుకొచ్చాడు.
"పాలు, బియ్యం, వ్యాన్ ఫీజు... ఎంతయింది సార్?"

చెప్పాను:
చిల్లర లేనప్పుడు టికెట్ వెనకాల రాసిచ్చేవాణ్ణి,
దిగేటప్పుడు అడిగి తీసుకోండి అని.
ఎందరో అడక్కుండానే దిగిపోయారు.
పూలబుట్ట ఆవిడ మూడు రూపాయలు,
గార్మెంట్స్ పిల్లలవి రెండేసి, ఒకటేసి,
పరీక్షకి పరిగెత్తిన ఒకబ్బాయిది ఏకంగా నలభై.
కొన్ని నేనూ మరిచిపోయాను.
కొన్ని మరిచిపోయినట్టు ఊరుకున్నాను.
ముప్పై ఒక్కేళ్ల చిల్లర, ఓబులేసూ,
నీకూ తేలదు, నాకూ తేలదు.
నోట్‌బుక్కు మూసెయ్.

మూయలేదు.
మర్నాడు నా గడప దగ్గర రెండు కొబ్బరికాయలు పెట్టిపోయాడు.

నాలుగో కీమో తర్వాత ఒక పొద్దున
హేమావతే మెట్లు దిగొచ్చింది,
గోడ పట్టుకుని, తలకి స్కార్ఫుతో.
పాప దువ్వెన వీపు వెనక దాచింది.
నేను రిబ్బను జేబులో కుక్కాను.
చెకింగ్‌లో దొరికినోళ్లలా నిలబడ్డాం ఇద్దరం.

"తెలుసు సార్" అంది.
"మూడు పాయలు సమంగా తీయాల. నడిమిది లాగొద్దు."

కూర్చుని తానే అల్లబోయింది.
వేళ్లకి స్పర్శ లేదు.
పాయ ఎక్కడుందో కళ్లతో వెతుక్కుంటోంది.
రిబ్బను జారింది. మళ్లీ జారింది.
పాప మెడ తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి
రిబ్బను కొస తల్లి పిడికిట్లో పెట్టింది.
"నువ్వు పట్టుకో మా. తాత అల్లుతాడు."

ఆమె చెబుతోంది, నేను అల్లుతున్నాను.
సందు మొదట్లో వ్యాన్ హారన్.
మళ్లీ హారన్.
భుజాన సంచీ లేకున్నా గొంతు మరవలేదు,
"హోల్డాన్!" అని అరిచాను.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.
ఎడమ జడ ఇంకా సగంలోనే ఉంది.