బెరడు రంగు

ఎర్రటి వలయం, నడుమ తెల్లటి చుక్క.
ఇరవై ఆరేళ్లుగా నా కుంచెకొచ్చిన బొమ్మ ఇదొక్కటే.
కోచెవ్యె అడవిలో దారి తప్పని ప్రతివాడూ
వాడికి తెలియకుండానే నాకు బాకీ.

ఈ ఉదయం డబ్బాలో ఎరుపు లేదు, తెలుపు లేదు.
అటవీ కార్యాలయం పంపిన రంగు
బూడిదా కాదు, మట్టీ కాదు,
బీచ్ చెట్టు బెరడుకి దగ్గరి చుట్టం.
"పిల్లల తల్లి ఎలుగు అటు మకాం పెట్టింది, రొజాలియా.
దారి మారుస్తున్నాం.
పాత గుర్తులు నువ్వే చెరిపితే బాగుంటుంది"
అన్నాడు గాష్పెర్, నా కళ్లలోకి చూడకుండా.
బాగుంటుందట.

వేసిన రోజు గుండ్రంగానే ఉంటుంది గుర్తు.
చెట్టు ఒళ్లు చేసేకొద్దీ పక్కలకు సాగి
కోడిగుడ్డవుతుంది,
ఆపైన ఆవులించే నోరు.
నాన్న వేసినవైతే ఫర్ చెట్ల మీంచి
పెచ్చులు పెచ్చులుగా ఎప్పుడో రాలిపోయాయి.
మొదటి నోరు మూశాను.
రెండోది మూశాను.
పదకొండో చెట్టు దగ్గర లెక్క మానేశాను.

కుడివైపు, హద్దురాళ్లకు అవతల,
ఎవరినీ పోనివ్వని అడవి.
మా ముత్తాతల నాడు ఒకాయన కాగితం మీద రాశాడు
ఇక్కడ గొడ్డలి పడకూడదని.
పడలేదు.
అక్కడ కూలిన చెట్టుకు కూలిన చోటే కాటి,
దాని వీపు మీదే మొలకల ఉయ్యాల.
ఇరవై ఆరేళ్లుగా పక్కనే నడుస్తున్నా
నేను లోపల అడుగు పెట్టలేదు.
పెట్టాననుకోండి, ఒక్కసారి. చెప్పను.

ఎడమవైపు సున్నపురాయి గుంతలు.
యుద్ధం ముగిసిన ఎండాకాలం
వాటి అంచుదాకా ఎవరిని నడిపించారో
మా పెద్దలు నోరు విప్పరు.
అక్కడ నేనెప్పుడూ గుర్తు వేయలేదు.
దారి దానంతటదే కొంచెం జరిగి పోతుంది.

ఆదివారాలైతే ఇదంతా సందడి.
పుట్టగొడుగుల బుట్టలు, బురద సైకిళ్లు,
సిగ్నల్ కోసం ఫోను ఆకాశానికెత్తే లుబ్లియానా పిల్లలు,
ఎలుగుని చూడాలని డబ్బు కట్టి
చెక్కగూట్లో ఊపిరి బిగబట్టే ఫోటోల వాళ్లు.
వాళ్లని విసుక్కున్నాను చాలాసార్లు.
ఇప్పుడు ఈ నిశ్శబ్దంలో
ఒక్కడైనా దగ్గితే బాగుండు.

దారి చివర హిర్ష్‌గ్రూబెన్.
నలభై ఒక్క ఇళ్లట. ఒక చలికాలం
జర్మన్ మాటాడే ఆ ఊరు ఊరంతా బళ్లెక్కి పోయింది.
గోడలు దురదగొండి ఆకుల్లో కలిశాయి గానీ
బేరి చెట్లు మాత్రం ఇంకా
వీధి వరస తప్పలేదు.
కిందటేడు గ్రాట్స్ నుంచి ఎర్మెలిండె అనే ముసలావిడ
నా గుర్తులు పట్టుకునే ఇక్కడికి వచ్చింది.
"మా గుమ్మం ఏది?"
నేలమాళిగ గుంత ఒకటి చూపించాను.
అదేనో కాదో నాకేం తెలుసు.
రాలిన పండొకటి తుడిచి కొరికి
ముఖమంతా చిట్లించి నవ్వింది:
"ఇదే. అమ్మ తిట్టుకుంటూ చెప్పిన వగరు ఇదే."
కొత్త దారి ఈ ఊరికి రాదు.

ఆఖరి గుర్తు ఆ బేరి చెట్టు మీదే.
మొదట్లో ఎలుగు పెంట, ఇంకా ఆరలేదు,
నిండా బేరి గింజలు.
సరే తల్లీ, ఇక నువ్వే ఈ వీధికి పెద్దవి
అనుకుని కుంచె ముంచాను.

వెనక్కి తిరిగేసరికి మునిమాపు.
ఏ బీచ్ చూసినా ఒకేలా ఉంది.
దారీ తెన్నూ లేదు,
ఎవరు చెరిపారని అడగడానికి నేను తప్ప ఎవరూ లేరు.
చేయి చాచి బెరడు తడిమాను: పొడి.
ఇంకోటి: పొడి.
అప్పుడు గాలి మళ్లింది,
తడి రంగు వాసన సన్నగా.

ముక్కు పైకెత్తి
ఆ వాసన వెంట, చెట్టు తర్వాత చెట్టుగా,
అరచేతులు బెరడు రంగులో
నడుస్తున్నాను.
వెనక బేరి కొమ్మ ఒకటి
బరువుగా ఊగింది.