గిన్నె మీద చుక్కలు

రేషన్ కార్డులో మా ఇంటిపేరు వండ్రాల.
వాన్ డెర్ హాల్ అని తాత చెబితే
గుమాస్తా చెవికి అంతే అందింది.
బడిలో నేను ఉండ్రాళ్ళు,
కోపమొస్తే పిల్లికళ్ళ ఉండ్రాళ్ళు.
వినాయకచవితికి పక్కింటి సన్నెమ్మగారు
నిజం ఉండ్రాళ్ళే గిన్నెడు పంపేది
"మీ ఇంటిపేరే కదే, తినండి" అని.

నాన్న పోయాక,
సిరిల్ వండ్రాల, వాల్తేరు లోకో షెడ్డు, రిటైర్డు,
ట్రంకుపెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది.
టోపీ, మీసం, నిటారుగా ఒక దొర.
పక్కనున్న మనిషిని ఎవరో కత్తెరతో
పొందిగ్గా తీసేశారు.
చెయ్యి మాత్రం ఆయన భుజం మీద ఉండిపోయింది,
మట్టిగాజుల చెయ్యి.
దాన్ని కత్తిరిస్తే దొర భుజం పోతుంది మరి.

నాలుగు ఆదివారాలు భీమిలి బస్సెక్కాను.
డచ్చివాళ్ళ సమాధుల మధ్య
ఉప్పుగాలి తినేసిన రాళ్ళని తడిమాను.
కప్తానులున్నారు, కప్తానుల పసిపిల్లలున్నారు,
మేకలున్నాయి.
గాజులు వేసుకున్నవాళ్ళెవరూ లేరు.

జ్ఞానాపురం గుడిలో జోజప్ప ఫాదర్
చెదలు దులిపి ఒక పుస్తకం తెరిచాడు.
బాప్తిస్మం పొందిన శిశువు: థియోడోర్.
తండ్రి: హెండ్రిక్, రేవులో పడవల పెద్ద,
వయసు, జీతం, పుట్టిన ఊరు, అన్నీ.
తల్లి: ఈ ఊరి మనిషి.

అంతే. ఆ గడిలో ఇంకా బోలెడు చోటుంది.
సిరా అయిపోలేదు, కింది వరసలో
ఎవరిదో గుర్రం పేరు కూడా రాశారు.
ఈ ఊరి మనిషి.
కొండ దాటి వచ్చిందా, వల భుజాన వచ్చిందా,
ఇష్టపడి వచ్చిందా,
రాసినాయన అడగలేదు.

పెర్త్‌లో ఉన్న డాఫ్నీ అత్తకి ఫోన్ చేశాను.
"మనం హాలండువాళ్ళం, డార్లింగ్,
ఆ గాజులు ఏ ఆయావో అయ్యుంటాయి" అంది.
అంతలో మోకాలు బల్లకి తగిలింది కాబోలు,
"ఓలమ్మోలమ్మా!" అని అరిచింది.
అరవయ్యేళ్ళ పెర్త్ మీదుగా
తిన్నగా జాలారిపేట నుంచి వచ్చిందా కేక.
నేనేమీ అనలేదు. అత్త కూడా కాసేపు ఏమీ అనలేదు.

క్రిస్మస్ కేకుకి ఎండుద్రాక్షలు రమ్ములో నానేసే
కంచుగిన్నె ఉంది మా ఇంట్లో.
అమ్మ ముందు నానమ్మ, నానమ్మ ముందు ఎవరో.
మొన్న డిసెంబరులో చింతపండు పెట్టి తోముతుంటే
అంచు కింద వేళ్ళకి గరుకు తగిలింది.
ఉలితో కొట్టిన చుక్కలు.
దీపం దగ్గరికి తిప్పితే అక్షరాలయ్యాయి:
మై. పోలి.

పెళ్ళికి పెట్టే సామాను మీదే పేర్లు కొట్టిస్తారు కదా.
అయితే పోలికి పెళ్ళి జరిగింది.
అక్షరానికింతని ఎవరో కంచరివాడికి ఇచ్చారు.

"తాకట్టు గిన్నె కావచ్చుగా" అన్నాడు మా ఆయన.
కావచ్చు.
గిన్నె సంచిలో పెట్టుకుని పెదజాలారిపేట వెళ్ళాను.
వల అల్లుతున్న ముసలాయన తల ఎత్తకుండానే
"మైలపల్లి పోలిలా? ఈదికి ముగ్గురమ్మా" అన్నాడు.
అప్పుడు తలెత్తి నా కళ్ళలోకి చూశాడు.
"ఇవెక్కడివి తల్లీ?"
అదే అడగడానికొచ్చాను అన్నాను.
నవ్వి, గిన్నె లాక్కుని
నాలుగు ఎండు నెత్తళ్ళు వేసి ఇచ్చాడు,
ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని.

ఈ ఏడు కేకు కొంచెం నీచువాసన కొట్టింది.
అందరూ తిన్నారు.

కరెంటు పోయిన రాత్రుల్లో
ఆ పేరుని వేలితో చదువుతాను.
మ దగ్గర చుక్కలు లోతు, పో దగ్గర ఒత్తుగా,
లి గుడి మీద ఒకటి పక్కకి జారింది.
రేవులో ఆ క్షణాన ఏ ఓడ కూసిందో,
కంచరివాడు సుత్తి పట్టుకునే
అటు తిరిగినట్టున్నాడు.