ముప్పై ఎనిమిదో నంబరు

నవంబరు నాలుగున తీసేశారు,
ఎడమ మోకాలికి నాలుగు వేళ్ళ కింద.
ఐదున ఆకలేసింది.
మూడేళ్ళ తర్వాత రొట్టెకి రొట్టె రుచి వచ్చింది.
సబెలాని పంపి ఇంకో ముక్క తెప్పించుకున్నాను.
నర్సు నా మొహం చూసి
ఏడుపు ఆలస్యంగా వస్తుందిలే అంది.

ఇంకా ఎదురు చూస్తున్నాను.

గలీసియా ఒడ్డున మా ఊళ్ళో
ఆటు తియ్యగానే ఆడవాళ్ళం రాళ్ళ మీదికి దిగుతాం.
నడుముకి తాడు, చేతిలో ఇనప గీకుడుబద్ద,
అలకీ అలకీ మధ్య పది లెక్కపెట్టేంత వ్యవధి.
పెర్సెబె అంటే రాతికి పుట్టే గుల్ల. చూపుకి మాత్రం
నల్లతోలు కప్పుకుని గోరు తొడుక్కున్న కాలివేలు.
ఇరవై రెండేళ్ళు
అలాంటి వేళ్ళు వేలకి వేలు కోసి సంచిలో వేశాను.
ఆ రోజు తొమ్మిది దాకా లెక్కపెట్టాను.

సముద్రం బాకీ వసూలు చేసుకుందని
ఎదురింటి ఒబ్దూలియా అంది.
సముద్రానికి లెక్కలు రావు ఒబ్దూలియా.
వస్తే పది దాకా ఆగేది.

తర్వాత మూడేళ్ళు నా కాలు కట్టారు.
ఇల్లు కట్టినట్టే కట్టారు.
తుంటి నుంచి ఎముక, వీపు నుంచి కండ,
తొడ నుంచి తోలు మోసుకొచ్చి
చుట్టూ ఉక్కు వలయాలతో పరంజా లేపారు.
రోజుకో మిల్లీమీటరు మరలు తిప్పడం
తమ్ముడు అమారో వంతు.
పడవ ఇంజిన్లు విప్పే చెయ్యి వాడిది.
నా దగ్గర స్పానరు పట్టుకున్నప్పుడు మాత్రం
కిటికీలోకి చూస్తూ తిప్పేవాడు.
పదకొండు ఆపరేషన్లు.
కట్టిన ప్రతిసారీ పునాదిలో చెమ్మ.
చీము వాసన ఇంట్లో పెంపుడు కుక్కలా తిరిగేది,
ఎవరొచ్చినా నాకంటే ముందు అదే గుమ్మం దాకా వెళ్ళి పలకరించేది.

ఒక రాత్రి సబెలా నీళ్ళ కోసం లేచింది.
మునివేళ్ళ మీద నడుస్తోంది.
చెక్క నేల అదిరితే నా మంచం అదురుతుందని,
మంచం అదిరితే నేను అరుస్తానని.
పదమూడేళ్ళ పిల్ల, సొంతింట్లో దొంగలాగ,
ఎన్నాళ్ళ నుంచో.
తెల్లారి డాక్టర్ లోయ్‌రాకి ఫోన్ చేశాను.
తీసెయ్యండి.
ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం అన్నాడు.
పాపం, ఆయన కట్టిన ఇల్లు, కూల్చడానికి చెయ్యి రావడం లేదు.
కాపురముంటున్నది నేను కదా, అన్నాను.

పోయిందని అది ఊరుకుంటుందా?
వాన వచ్చే ముందు లేని చిటికెనవేలు దురద,
గోక్కుందామంటే చోటు లేదు.
ఎండాకాలం తొడుగు విప్పితే చారెడు చెమట.
కొన్నాళ్ళు మోడు వాచి కృత్రిమ కాలు పట్టదు,
ఆ రోజు కర్రలే గతి.
రాళ్ళ మీదికి ఇక దిగేది లేదు.
చేపల వేలం షెడ్డులో తక్కెడ దగ్గర నిలబడి
ఇంకొకళ్ళు కోసుకొచ్చిన వేళ్ళు తూస్తుంటాను.
దీని మీద మాత్రం నాకింకా రాజీ కుదరలేదు,
కుదిరిందని ఎవరికీ చెప్పను.

నిద్రమత్తులో మంచం దిగి
లేనిదాని మీద బరువేసి రెండుసార్లు పడ్డాను.
రెండోసారి లేవబుద్ధి కాలేదు,
నేల మీదే వెల్లకిలా పడి నవ్వుతున్నాను.
అమ్మా, అంటూ పక్కగదిలోంచి సబెలా వచ్చింది,
దడదడా, మడమలు నేలకేసి కొడుతూ,
అల్మరాలో గ్లాసులన్నీ గలగలలాడేలా.
ఇంకోసారి పరిగెత్తవే, అన్నాను.
తలకి దెబ్బ తగిలిందేమో అనుకుంది.

మొన్న బూట్లు బాగుచేయించడానికి ఇచ్చాను.
ముప్పై ఎనిమిదో నంబరు. ప్లాస్టిక్ పాదానికీ అదే నంబరు అడిగి పెట్టించుకున్నాను.
కుడిది మడమ దగ్గర అరిగింది,
ఎడమది బయటివైపు అంచున.
ముసలాయన రెండూ తిరగేసి చూసి
ఇద్దరు తొడుక్కున్నారా ఏమిటి, అన్నాడు.
అవును, అన్నాను.
ఒకే ఇంట్లో ఉంటాం.