ఎక్కువ నాలుగొందలు

రాయగడలో రైలు గేటు దాటేక ఎడమకి తిరిగితే
రేకుల కప్పు ఇల్లు. గుమ్మానికి శిలువ లేదు, బోర్డు లేదు.
ఇంటావిడ ఒక్కటే అడిగింది,
"ఆరుగురూ మొగోళ్ళేనా? వంటెవరు సేస్తారు?"
"వంతులండీ" అన్నాడు ఓబద్యా.
ఆవిడ నవ్విన నవ్వు ఇంకా మా వసారాలోనే ఉంది,
అన్నం మాడిన రోజల్లా వినిపిస్తుంది.

ఎనోసు గొమాంగో, గుణుపురం కొండల మీది సవర కుర్రాడు,
పేపరు మిల్లులో గుజ్జు కడిగేచోట రాత్రి డ్యూటీ.
ఓబద్యా సిమెంటు కొట్లో గుమస్తా,
ఉల్లిపాయలు కూడా ఎంచి కొంటాడు.
సుశాంత నాయక్‌ది ఆటో. షడ్రకు రైలు పట్టాల మీద కాంట్రాక్టు కూలి.
నేను మందుల షాపులో. నా పేరు గాయు,
చీటీ మీద రాస్తే అందరూ గాయం అని చదువుతారు.
ఇక తుకికు.
వాడి సంగతి తర్వాత.

పొద్దున్న అయిదున్నరకి ప్రార్థన.
ఒక ట్యూబులైటు, మూడు భాషల బైబిళ్ళు.
ఎనోసు అప్పుడే వచ్చి పడుకుని ఉంటాడు,
అందుకని పాటని పెదాలతోనే పాడతాం.
ఎవడి గొంతో జారి పైకి లేస్తే
దుప్పట్లోంచి ఎనోసు సవర భాషలో అందుకుంటాడు,
కళ్ళు తెరవకుండానే, మాకంటే ఒక చరణం ముందు.

మేం సాధువులం కాం. సబ్బు దగ్గర కొట్టుకున్నాం.
షడ్రకు బూట్ల కంపు కోసం
ఉపవాస ప్రార్థన పెట్టాలన్నదాకా వెళ్ళింది.

గూట్లో బిస్కెట్ల డబ్బా.
జీతం రోజున ఎవడికి చేతనైంది వాడు వేస్తాడు.
ఎంత వేశావని అడక్కూడదు. తీసింది మాత్రం
పుస్తకంలో రాయాలి.

తుకికు రెండోసారి జీలుగు కల్లు తాగొచ్చి
వంటగదిలో కక్కుకుని, ఏడ్చి,
ఓబద్యా చెంప మీద కొట్టాడు.
నియమం ముందే రాసుకున్నాం.
చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను.
తెల్లారి సంచి భుజానేసుకుని వెళ్తూ
పళ్ళెం మరిచిపోయాడు.
చూశాం. ఎవరం పిలవలేదు.

పది రోజులకి బస్టాండు వెనక కనిపించాడు.
గెడ్డం, జ్వరం, ఒక కాలికే చెప్పు.
"అన్నం ఇంకా అలాగే మాడ్సేస్తన్నారేటి?" అన్నాడు.
ఇంకేమీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎనోసు ఒక్కడే,
గోడవైపు తిరిగి నిద్ర.
డబ్బాలోంచి నాలుగొందలు తీశాను.
పుస్తకంలో రాయలేదు.
రాస్తే ఎవరికని రాయాలి?

అప్పట్నుంచి పరలోక ప్రార్థనలో
ఋణాల మాట దగ్గరికొచ్చేసరికి
నాలుక పలక్కొయ్య అయిపోయేది.
తల వంచుకునే దగ్గేవాణ్ణి.
ఆ నెలలో చాలా దగ్గాను.

జీతం రాగానే పెట్టేద్దామని మూత తీస్తే
డబ్బు అప్పటికే ఉంది.
రెండు రెండొందల నోట్లు, తడిసి ఆరినట్టు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
కోడిగుడ్డు మురిగినట్టు, బ్లీచింగు కలిసినట్టు
మిల్లు వాసన,
ఎనోసు దుప్పటి వాసన.

నావీ వేశాను. ఏం చెయ్యను మరి.

నెలాఖరున ఓబద్యా మూడుసార్లు కూడాడు.
"తక్కువొస్తే దొంగని ఎతకొచ్చు.
ఎక్కువొస్తే ఎవుణ్ణి ఎతకాల్రా?" అని
మా అందరి మీదా అరిచాడు.
ఎనోసు గురక మరికాస్త పెద్దదైంది.
ఎర్ర సిరాతో రాశాడు:
ఎక్కువ, రూ. 400. ఎవరిదో తెలీదు.
పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి,
చెంప ఒకసారి తడుముకుని
దాని కింద చిన్న అక్షరాలతో:
తుకికు మందులకి.

ఎవరు చెప్పారో నేనడగలేదు.

అన్నం గిన్నె మూత కిందటేడే పోయింది.
ఇప్పుడు తుకికు పళ్ళెమే మూత.
అంచు మీద మేకుతో గీసిన వాడి పేరు,
'కి' గుడి సగంలో ఆగిపోయింది.
రోజూ ముందు దాన్నే ఎత్తాలి,
గుడ్డతో పట్టుకుని, చెయ్యి కాలకుండా.

నిన్న వంతు నాది.
మాడింది.