మెరుగు

మూడు రాత్రులు తోమింది జుల్మీరా.
ముందు గరుకు కాగితం, తర్వాత సన్నది,
చివరికి బెల్మీరో పాత చొక్కా గుడ్డ.
సిలిండర్ హెడ్డు మీద ఇప్పుడు
షెడ్డు రేకుల చిల్లులు కూడా లెక్కపెట్టొచ్చు.

"అద్దం చేసేశావు," అన్నాడతను.
"అద్దం పిసినారి, వేడిని త్వరగా వదలదు.
నల్లటి గరుకుదే దానకర్ణుడు."
"అయితే చెడగొట్టానా?"
"గాలి ఉందిగా! రెక్కల సందుల్లో దూరి
అసలు మూటంతా మోసుకుపోయేది అదే.
దానికి నీ మెరుపుతో పనిలేదు,
నువ్వు ఆగనంతసేపూ."

ఆగాల్సొచ్చింది.
ఎవొరా దాటాక, జూలై మిట్టమధ్యాహ్నం,
కార్కు బెరడు లారీ రోడ్డుకి అడ్డంగా.
ఆకు కదలదు.
ఒలిచిన చెట్లు ఎర్రటి ఒళ్లతో,
ఒంటిమీద తెల్ల అంకెలతో
తమ వంతు అయిపోయినట్టు నిలబడ్డాయి.

ఇంజిన్ కట్టేసింది.
టిక్కు టిక్కుమని ముడుచుకుంటోంది లోహం.
వంగి చూస్తే తన ముఖమే, వంకరగా.
ముక్కు మీంచి జారిన చెమటచుక్క
ఆ ముఖం మీదే పడి
చుయ్‌మని లేచిపోయింది.

కిందికి చూసింది.
వేలు దూరక వదిలేసిన రెక్కల సందులు
మసిగా, మొరటుగా,
పొగలాంటి వేడిని ఊదుతున్నాయి.

కావాలనే వదిలేశానని
చెప్పాలి బెల్మీరోకి.