రాతి దిండు

చెలిమెలగుట్టకు మెట్లు లేవు,
మేకలు తొక్కిందే తొవ్వ.
ముందు కురుమ బీరవ్వ,
వెనుక నేను, గ్రానైటు కంపెనీ టేపు జేబులో పెట్టుకుని.
ధర్మపురి బస్సు హారన్ ఇక్కడిదాకా వినిపిస్తుంది.
కింద గోదారి
ఎవరో ఆరేసి మరిచిన పంచె.

గుహ అనడానికి లేదు,
బండ కొంచెం నోరు తెరిచిందంతే.
లోపల ఐదు పడకలు, రాతిలోనే తొలిచినవి.
ఒక్కోదానికి తలాపున జానెడు దిండు, అదీ రాయే.
వానాకాలం మూడు నెలలూ
కాలికింద పచ్చిక నలుగుతుందని
నడక మానుకున్న భిక్షువులు ఇక్కడ
ఊపిరి వెంట మాత్రమే నడిచారట.
"గవన్ని నాకెర్క లేదు బిడ్డా,
ఇవి బిక్కయ్యల మంచాలు.
ఈనిన మేకను ఇండ్లనే పండవెడ్త."

గడప పక్కన ఒక వరుస అక్షరాలు.
చివర "దానం" అని ఉందని ఎవరో చదివి పోయారు.
ఇచ్చినవాళ్ల పేరు మాత్రం
మేకలు వీపు రుద్దుకుని రుద్దుకుని నున్నగా చేశాయి.

వాళ్ల తర్వాత దిగంబర మునులు.
ఆ తర్వాత నుదుట విభూతివాళ్లు.
బుద్ధ పాదాలిప్పుడు ఎల్లమ్మ పాదాలు,
వేళ్ల సందుల్లో పసుపు గడ్డకట్టింది.
"నా లగ్గమైన రెండో ఏడు
తుపాకులు తలకింద పెట్టుకుని నలుగురు పోరగాళ్లు పండిన్రు.
దూపైతుందంటె తొట్టి జూపిన.
ఒగడు నిద్రల అవ్వా అన్నడు.
నన్ను గాదు."

పడకలో పడుకుని చూశాను.
మడమలు బయటికొచ్చాయి.
దిండు మధ్యలో చిన్న పల్లం,
నా తలకది కుదరలేదు.
ఎన్ని తలలు కలిస్తే రాయి అంత వంగుతుందో
నా దగ్గరున్న టేపుకి తెలియదు.

మూడింటికి పక్కగుట్టలో పేలుడు.
పైనుంచి ఇసుక రాలి నా కనురెప్పల మీద పడింది.
మేకపిల్ల ఉలిక్కిపడలేదు.
దానికి అలవాటే.

బయట బండ మీద ఎర్రరంగుతో నంబరు,
పోయిన నెల నేనే రాసింది.
ఫారంలో ఒక గడి ఉంటుంది:
"బండపై ఇతర వివరాలు."
ఎప్పుడూ అడ్డగీత గీస్తాను.
ఇవాళ పెన్ను అక్కడే ఆగింది,
గీత గీయలేదు, ఏమీ రాయనూ లేదు.

దిగుతుంటే బీరవ్వ అడిగింది,
"ఎంత పొడుగున్నదే ఆ మంచం?"
ఐదడుగుల రెండంగుళాలన్నాను.
కొంగుతో ముక్కు తుడుచుకుంది.
"మా ఆయినె గంతే ఉండె."